అధ్యక్ష శబ్దము

క్రైస్తవ సంఘములయందు బిషపు అని పిలువబడు పెద్దను తెలుగున నేమని పిలువవలెను? ఇది క్రైస్తవుల యింటి వ్యవహారము గదా, తక్కినవారి కిందేమి పని యని చదువరులలో కొందరు తలంపవచ్చును. మే మట్లు తలంపము. ఒక సమాజమువారు తమ పెద్దను ఏ మాటతో పిలుచుచున్నారో చూచిన యెడల, వారాతనినుండి యేమి కోరుచున్నారో, యేమి కోరుట మానుకొన్నారో కూడ తెలియును. మఠములకు అధిపతులున్నారు. సభలకు అధ్యక్షులున్నారు. దేవస్థానములకు పాలకమండలులున్నవి. వీరందరి బిరుదములును ఇరుగుపొరుగు ఇండ్లవలె ఒకదానికొకటి మాటలు ఎరువిచ్చి పుచ్చుకొనుచు వచ్చినవే. కావున బిషపునకు తెలుగు వెదకుట యనగా మన పెద్దలందరి కొలువును ఒకమారు పరికించి చూచుటయే యగును.

ఈ విచారమునకు సాలూరు తగిన తావు. సాలూరు వేగావతీ తీరమున తూర్పు కనుమల పాదమున నున్న పట్టణము. 2022 వఱకు విజయనగరము జిల్లాలోనిది. నాటినుండి పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. ఊరి పేరు వినినంతనే ఉత్తరాంధ్రమువారికి లారీలు జ్ఞప్తికి వచ్చును. ఆ లారీలు ఘాటు రోడ్డెక్కి కొరాపుట్టు వైపు పోవుచుండును. కొండలమీది జాతాపులు, కొండదొరలు, గదబలు సంతకు దిగి వచ్చుచుందురు. ఈ కొండల చెంతకు 19వ శతాబ్దమున రెండు క్రైస్తవ శాఖలవారు రెండు దేశములనుండి వచ్చిరి. సవాయి దేశపు కొండలనుండి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిటి కతోలిక గురువులు 1846లో విశాఖపట్టణమున దిగిరి. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ అను పల్లెలో 1876లో క్రిస్టియన్ యెన్సన్ స్థాపించిన లూథరన్ మిషనువారు 1882లో ఈ దేశమునకు వచ్చిరి. వారి తొలి కేంద్రములలో సాలూరొకటి. నేడు సాలూరు సంతలో పక్కపక్కన నిలిచి చింతపండు బేరమాడు ఇరువురు గృహిణులలో ఒకామె తన సంఘపు పెద్దను బిషపు గారనును. రెండవ యామె పీఠాధిపతులవారనును. మొదటి యామె యింటనున్న తెలుగు బైబిలు తెరచి చూచిన యెడల అందు బిషపు లేడు, పీఠాధిపతియు లేడు. అందున్న మాట అధ్యక్షుడు.

మూడు మాటలును ఒక్కని గూర్చినవే. అయినను మూడింటి చూపును ఒక వైపునకు లేదు.

మూలము గ్రీకు భాషలోనిది: ఎపిస్కొపొస్. ఎపి యనగా మీద; స్కొపొస్ యనగా చూచువాడు. మన పిల్లలు బడిలో చదువుకొను టెలిస్కోపు, మైక్రోస్కోపు అను మాటలలోని స్కోపు ఇదియే. (వైద్యుని మెడలోని స్టెతస్కోపునందును ఇదే యున్నది, అది చెవికి పనికివచ్చు యంత్రమైనను కంటి పేరు పెట్టిరి.) ఈ మాటకు మొదట మతముతో సంబంధము లేదు. హోమరు కావ్యమున ట్రాయి నగరమును కాచిన హెక్టరునకు ఈ విశేషణము కలదు. ఏథెన్సువారు తమ చెప్పుచేతలలోనున్న పట్టణములకు పంపిన తనిఖీదారులకు ఇదే పేరు. ఆ తనిఖీదారులను అరిస్టోఫనీసు తన నాటకమున ఎగతాళి చేసెను. పై అధికారి తనిఖీకి వచ్చుట నాడును నవ్వులపాటుగానే యుండెనని దీనివలన తెలియుచున్నది. క్రైస్తవులు ఆ మాటను గ్రహించి తమ సంఘములను కనిపెట్టుకొని యుండు పెద్దలకు పెట్టిరి. అది లాటినున ఎపిస్కోపుస్ అయి, ఆంగ్లేయుల నోట నలిగి, మొదటి అక్షరమును పోగొట్టుకొని బిషపైనది. మన యొద్దకు వచ్చునప్పటికి దానిలో కన్నెక్కడ నున్నదో కనుగొనుట కష్టము.

బైబిలును తెలుగు చేసినవారు ఆ కన్నును మఱల తెచ్చిరి. ఆ పని మన సీమకు దూరమున జరిగినది కాదు. లండను మిషనుకు చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇరువురు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరను పండితుని సాయమున సువార్తల తెలుగునకు పూనుకొనిరి. ఇరువురును అయిదారేండ్లలోనే ఇచటనే కాలధర్మము నొందిరి; వారి సువార్తలు 1812లో సెరంపూరున అచ్చుపడినవి. పిదప శతాబ్దమునకు పైగా దొరలును పండితులును కూర్చుండి తెలుగు బైబిలును దిద్దుచు వచ్చిరి. నేడు ఇండ్లలో నున్న తెలుగు బైబిలున ఎపిస్కొపొస్ వచ్చిన తావుల అధ్యక్షుడు అని యున్నది. అధి యనగా మీద, అక్షము కన్ను. గ్రీకు మాటను రెండు ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ ముక్క సంస్కృతమున తూచి పెట్టినట్లున్నది. కంటి ఎదుటనున్నది ప్రత్యక్షము. కంటికి ఆవలిది పరోక్షము. పైనుండి కన్ను వేసి యుంచువాడు అధ్యక్షుడు. మూడును ఒక తల్లి బిడ్డలు.

ఈ మాట మన దేశమున అనాథగా నున్నది కాదు. ఋగ్వేదమున సృష్టిని గూర్చిన సూక్తమున పరమాకాశమునుండి జగత్తును చూచువానికి ఈ పేరే కలదు. గీతలో శ్రీకృష్ణుడు తన చూపు క్రింద ప్రకృతి చరాచరములను కనుచున్నదని చెప్పునపుడును ఇదే మాట. ఇక కౌటిల్యుని అర్థశాస్త్రములో, 1909లో మైసూరున శామశాస్త్రిగారు అచ్చువేయించిన ఆ గ్రంథమున, రెండవ యధికరణమునకు అధ్యక్షప్రచారమని పేరు. సేద్యమును చూచువాడు సీతాధ్యక్షుడు, పసుల లెక్క చూచువాడు గోऽధ్యక్షుడు, తూనికలు చూచువాడు పౌతవాధ్యక్షుడు. కల్లు దుకాణములకు సైతము సురాధ్యక్షుడొకడు. వీరిలో నొక్కడును వేదిక మీద కూర్చుండి పూలదండ వేయించుకొనువాడు కాడు. పసులను లెక్కింపని గోऽధ్యక్షుడు ఆ పేరునకు తగడు.

పౌలు తిమోతికి వ్రాసిన లేఖలో ఈ పదవిని కోరువానికి ఉండవలసిన లక్షణములున్నవి. మా చదువరులు మతభేదము నెంచక దానిని ఒకమారు చదువవలెనని మా కోరిక. అందు మహిమలు లేవు, మంత్రములు లేవు. ఒక్క భార్యతో సంసారము చేయువాడు కావలెను, త్రాగుబోతు కారాదు, చేయి చేసికొనువాడు కారాదు, డబ్బుపై ఆశ యుండరాదు, ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టువాడు కావలెను, తన యింటిని తాను చక్కబెట్టుకొన్నవాడు కావలెను. ఇది గృహిణులు పెండ్లికొడుకును వెదకునపుడు విచారించు పట్టికయే గదా! సంఘమును చూచుటకు అర్హత యింటిని చూచుకొనుటయందే యున్నదని ఆ వ్రాసినవాని భావము.

ఇట్లు నిండు చూపుతో వచ్చిన మాట మనలో నెట్లు చూపు పోగొట్టుకొన్నదో చెప్పవలెను. ఆంగ్లేయుల ప్రెసిడెంటు అను మాటకు తెలుగు కావలసి వచ్చినపుడు మనవారు అధ్యక్షుని పిలిచి ఆ కొలువున నిలిపిరి. ప్రెసిడెంటు అను మాటకు లాటినున ముందు కూర్చుండువాడని అర్థము. చూచువానిని తెచ్చి కూర్చుండబెట్టితిమి. నాటినుండి పత్రికలలో ‘శ్రీ ఫలానావారు అధ్యక్షస్థానము నలంకరించిరి’ అని చదువుచున్నాము. అలంకరించుటకు కన్నులతో పనియేమి? దండయు, శాలువయు, మంచి కుర్చీయు నున్న చాలును. సభ ముగియువఱకు కనులు మూసికొని యుండి, చివరి మాటలు చెప్పుటకు మాత్రము మేల్కొను అధ్యక్షులను మేము చాలమందిని చూచితిమి. వారి నిద్రకు భంగము కలుగకుండ ఉపన్యసించు వక్తలను అంతకంటె ఎక్కువగా చూచితిమి.

లూథరన్ సంఘపు చరిత్రలో ఈ వింత మఱింత స్పష్టము. బ్రెక్లుమునుండి సాలూరునకు ఆ జర్మనులు బయలుదేరిన నాటికి వారి దేశపు సంఘమున బోధకుల పెద్దలకు బిషపు అను పేరు సామాన్యముగా లేదు. 16వ శతాబ్దపు సంస్కరణానంతరము అచట బిషపులకు బదులు సూపరింటెండెంటులను నియమించిరి. ఆ మాటయు ఎపిస్కొపొసునకు లాటిను నకలే. పైనుండి దృష్టి నిలుపువాడని దాని భావము. (మనకు మాత్రము ఆ మాట వినగనే జైలు గాని తపాలా కచ్చేరి గాని జ్ఞప్తికి వచ్చును.) సర్వోన్నత బిషపు అను బిరుదము మాత్రము రాజునకే చెందియుండెను. బ్రెక్లుము ప్రష్యారాజు ఏలుబడిలోనిది గావున కిరీటము ధరించి సేనలను నడపు ఆ రాజే, లెక్క ప్రకారము, వేగావతి యొడ్డున పాఠశాల పెట్టిన ఆ బోధకులకును బిషపు! 1918లో ఆ సింహాసనము కూలినది. పిదప కొలది యేండ్లకు ఆ సీమవారు తమ సంఘములకు మఱల బిషపులను ఏర్పరచుకొనిరి.

సూపరింటెండెంటునకును బిషపునకును అర్థమొక్కటే యైనపుడు పేరు మార్చిన నష్టమేమని యడుగవచ్చును. జాన్ వెస్లీ నడిగిన చెప్పును. మెథడిస్టు సంఘస్థాపకుడైన ఆయన 1784లో అమెరికా సంఘములకు ఇరువురు సూపరింటెండెంటులను ఏర్పరచెను. కొలదికాలములోనే వారు బిషపులని పిలిపించుకొనజొచ్చిరి. వృద్ధుడైన వెస్లీ 1788లో వారిలో నొకనికి చాల కటువుగా జాబు వ్రాసెను. ఆయన కోపము అర్థము మీద కాదు. ఆ పేరును అంటుకొనియున్న దర్పము మీద.

మన సీమకు వత్తము. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడినపుడు దాని పెద్దకు ప్రెసిడెంటని పేరు పెట్టిరి, తెలుగున అధ్యక్షుడనిరి. 1944లో ఇ. ప్రకాశముగారు ఆ పదవి నందిన తొలి భారతీయుడు. మరుసటి 1928లో కొండల మీది జయపురము లూథరన్ సంఘమును స్వతంత్రించినది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ చర్చలు 28 ఏండ్లు సాగినవి. అందు ఎక్కువ కాలమును తిన్న చిక్కు బిషపుల విషయమే. లూథరన్లు అందు చేరలేదు. చేరనివారును ఇటీవలి దశాబ్దములలో తమ పెద్దలకు బిషపు అను పేరే పెట్టుకొన్నారు. తెలుగు బైబిలు ప్రకారము చూచిన యెడల వారికి 1927 మొదలు బిషపు ఉండనే యుండెను. అధ్యక్షుడన్నను అదియే గదా! చేతిలోని తెలుగు మాటను కుర్చీకి తాకట్టు పెట్టి, దానికి మారుగా ఆంగ్లపు మాటను తెచ్చుకొనవలసి వచ్చినది.

ఇక కతోలికుల మాటలు. బిషపు ఏలుబడిలోని సీమను వారు మేత్రాసనమందురు. కేరళమున సిరియా సంప్రదాయపు క్రైస్తవులు తమ పెద్దను మెత్రాన్ అని పిలుతురు. తమిళమున అది మేత్రాణియారైనది. దాని మూలము గ్రీకున ప్రధాన నగరమును, అక్షరాల తల్లినగరమును, తెలుపు మాట. దానికి ఆసనమును చేర్చి మనవారు మేత్రాసనమనిరి. సిరియా, గ్రీకు, సంస్కృతము మూడును ఒక మాటలో నిమిడినవి. ఇట్టి ముచ్చటైన సంకరము మాకు నచ్చును. మా మిత్రుడొకడు మాత్రము ఇది మేత అను తెలుగు మాటనుండి వచ్చినదనియు, ఏ సంస్థయందైనను ఆసనమున్న చోట మేత యుండుట సహజమనియు వాదించును. వ్యుత్పత్తి తప్పు. తక్కిన దానిని గూర్చి మాకు వాదము లేదు.

పీఠాధిపతి యనునది మఠములనుండి వచ్చిన మాట. ఒకే దినపత్రికలో ఒక పుట మీద శంకర పీఠాధిపతియు మఱియొక పుట మీద గుంటూరు పీఠాధిపతియు కనబడుదురు. బిషపు కూర్చుండు ఆసనము గల దేవాలయమే కెథీడ్రల్ గావున, పీఠమను మాటకు ఆధారము లేకపోలేదు. కాని ఆధారమున్నంత మాత్రమున ఆ మాట మంచిదని యొప్పుకొనము. అధిపతి యనగా ఏలికయే, పీఠమునకు ఏలిక! మనుష్యుల సంగతి యందెక్కడను లేదు.

చిత్రమేమనగా, ఈ కతోలికులే తమ చిన్న గురువు విషయమున అతి చక్కని తెలుగు మాటను వాడుచున్నారు. కొన్ని గ్రామములకు ఒక గురువును నియమించిన యెడల ఆ సీమకు విచారణ యని పేరు. ఆయన విచారణ గురువు. విచారించుట యనగా అడిగి తెలిసికొనుట. తెలుగింట దానికి క్షేమము కనుగొనుట యను భావమును కలదు. చిన్నవానికి విచారణయు పెద్దవానికి పీఠమును! పైకి పోయిన కొలది విచారణ తగ్గునను అనుభవము కచ్చేరీలయందు మనకందరకు నున్నదే.

ఈ గురువులు ఏ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకొని విశాఖకు వచ్చిరో ఆయన కథ ఇచట చెప్పదగినది. ఆయన 1602 మొదలు 1622లో మరణించు వఱకు జెనీవాకు బిషపు. జెనీవా అప్పటికే కాల్విను మతస్థుల పట్టణము. కావున తన పేరిటి పట్టణములో, తన పీఠమున్న దేవాలయములో ఆయన కొలువు తీరుటకు వీలులేదు. అన్నెసీ అను చిన్న యూర నివసించెను. పీఠము లేని పీఠాధిపతి యన్నమాట. కూర్చుండుటకు చోటు లేనందుననో యేమో, ఆయన ఆల్ప్సు కొండ పల్లెలన్నిటిని తిరిగి చూచెను. మన సీమలో మెదకు దేవాలయమున దీనికి కొంత సాటి యున్నది. పోస్నెట్ గారు కరవు దినములలో జనులకు పని కల్పించుచు కట్టించిన ఆ మహామందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కట్టినవారు ఆంగ్లదేశపు వెస్లీ మెథడిస్టులు. వారికి బిషపులు లేరు. ఇరువది రెండేండ్లకు పైగా అది కుర్చీ లేని మందిరముగానే యుండి, 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిదప కెథీడ్రలైనది. ఆ నడిమికాలమున ఎవ్వరి భక్తియు తఱుగలేదు.

మాకీ విచారము పుస్తకములవలన కలిగినది కాదు. కొంతకాలము క్రిందట సాలూరున మే మొక మిత్రుని యింట నుండగా, సంత దినమున కొండమీది పల్లెనుండి మువ్వురు వచ్చి తమ సంఘపు పై పెద్దకు ఒక అర్జీ వ్రాసి పెట్టుమని కోరిరి. ఏ సంఘమో చెప్పము. గాలివానకు వారి ప్రార్థనాలయపు కప్పు ఎగిరిపోయినది. దానికంటె ముఖ్యము, పట్టణమున వారి ఆడపిల్లలు ఉండి చదువుకొను వసతిగృహము మూతపడినది. అయిదవ తరగతి దాటిన పిల్లలు నలుగురు బడి మాని పోడు పనికి పోవుచున్నారు. తొమ్మిదేండ్లుగా పై పెద్దలెవ్వరును తమ యూరు తొక్కలేదట.

అర్జీ మొదట ఏమని సంబోధింపవలెనను చోటనే పని యాగినది. వారిలోని పడుచువాడు చేతనున్న ఫోను తీసి, ఇంగ్లీషున వ్రాసిననే పైకి పోవునని, బిషప్ అనియే వ్రాయుమనెను. ముదుసలి మహాఘనత వహించిన పెద్దదొరగారనవలెననెను. మూడవ యామె యదే వసతిగృహమున చదువుకొన్న స్త్రీ. మేము బైబిలు తీసి, మీ పుస్తకమున అధ్యక్షుడని యున్నది, చూచువాడని దానికర్థమని చెప్పితిమి. ఆమె మామాట విని, ‘సూసీవోరా? అయితే ఏటని రాస్తే ఆయన సూడ్డానికి ఒస్తారు బాబూ?’ అని యడిగినది. మేమేమియు చెప్పజాలక యుండగా ముదుసలి నవ్వి, ‘మంచె ఎత్తుగా కట్టీది కూకోడానికేటి? సేను కనపడ్డానికి’ అనెను. చోళ్ల చేనికి, కంది చేనికి పందులు రాకుండ రాత్రులు మంచె మీద కావలి యున్న మనుష్యుని మాట యది.

మేము ఆ మాట విన్న పిదప కుర్చీ మీది మా కోపము కొంత తగ్గినది. ఎత్తైన ఆసనము చెడ్డది కాదు. చేను కనబడుటకే యెత్తు. మంచె మీద పండుకొని నిద్రించువానిని ఆ ముదుసలి కావలివాడనడు. తెల్లవాఱునప్పటికి పంటయు మిగులదు. అర్జీలో అధ్యక్షులవారికి అని వ్రాసి, పడుచువాని తృప్తికై దాని ప్రక్క బిషపు గారికి అనియు చేర్చితిమి. రెండు నెలలకు ఒక కార్యదర్శి వచ్చి ఫొటోలు తీసికొని పోయెనట. కప్పునకు రేకులు వచ్చినవి. వసతిగృహము మాత్రము మేమిది వ్రాయునప్పటికి తెరువబడలేదు. ఆ నలుగురిలో ఇద్దరు పిల్లలను ప్రభుత్వపు గిరిజన పాఠశాలలో చేర్చిరని తెలిసినది. తక్కిన ఇద్దరిలో నొకతెకు పెండ్లియైనది.

చూచువాడు అను మాటకు తగినవారు మన సీమలో లేకపోలేదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి సీమ తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను దోర్నకల్లునకు బిషపుగా అభిషేకించిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడాయనే. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో దొరల యెదుట నిలిచి, మీరు మాకు త్యాగములు చేసితిరి, సొమ్మిచ్చితిరి, ఇక స్నేహితులను కూడ ఇయ్యుడని నిర్భయముగా నడిగినవాడు. తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీదను సైకిలు మీదను పల్లెపల్లె తిరిగి, మాల మాదిగ వాడలలో కూర్చుండి మాటాడెను. దోర్నకల్లున ఆయన కట్టించిన దేవాలయము, మసీదు గుమ్మటములును గుడి స్తంభములును కలిసిన ఆ సుందర మందిరము, ప్రతిష్ఠింపబడినది 1939లో. బండి కదలిన ఇరువది యారేండ్లకు గాని పీఠమునకు ఆ కప్పు దొరకలేదు. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్లుననే మరణించెను.

ఇంతకును మా సలహా యేమని చదువరులడుగుదురు. నోట బిషపు గారనుట మానవలసిన పనిలేదు. కలెక్టరు, డాక్టరు వలె అదియు తెలుగైనది. కొండమీదివారు పార్వతీపురపు గిరిజనాభివృద్ధి సంస్థ యధికారిని పీఓ గారనుచున్నారు, ఆ రెండక్షరముల కర్థమేమని యడుగుట లేదు. మా తగవు వ్రాతతోడిది. మెదకు మొదలగు సీమలవారు డయాసిసును అధ్యక్షమండలమనుచున్నారు. ఎంతయు మంచి మాట. కాని పత్రికలవారు దాని ప్రక్కనే ‘అధ్యక్షమండలం బిషప్’ అని వ్రాయుచున్నారు. అధ్యక్షమండలమునకు అధ్యక్షుడుండగా బిషపును ఎరువు తేనేల? సభాధ్యక్షునితో కలిసిపోవునను భయమున్న యెడల సంఘాధ్యక్షుడనవచ్చును. కతోలికులు విచారణను పైవఱకు సాగదీసి మహావిచారణకర్త యన్నను మాకు సమ్మతమే. వారందుకు ఒప్పుకొందురను ఆశ మాకు లేదు. 2022లో కార్డినలైన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు దళితులలో ఆ పదవి నందిన మొదటివారు. కార్డినల్ అను మాటకు లాటినున తలుపు బందు మూలము. బందునకు తెలుగు చేయుమని మాత్రము మమ్మడుగవలదు.

అధ్యక్ష శబ్దమునకు మఱియొక గుణము కలదు, గృహిణులగు మా చదువరులకది ముఖ్యము. 2013లో దక్షిణ ఇండియా సంఘము ఎగ్గోని పుష్పలలితగారిని నంద్యాలకు బిషపుగా అభిషేకించినది. ఆ సంఘమున బిషపైన తొలి స్త్రీ ఆమెయే. ఆమెను తెలుగున నేమనవలెను? బిషపునకు మన భాషలో స్త్రీలింగము లేదు. మహిళా బిషపు అని తోక తగిలింపవలెను, మగ బిషపు అని యెవ్వరును వ్రాయరు. పీఠాధిపతికి స్త్రీలింగము కట్టబోయిన యెడల అధిపత్ని యగును. అది పీఠాధిపతి యింటి యామెవలె వినబడును. అధ్యక్షునకు అట్టి చిక్కు లేదు. అధ్యక్షురాలు అను మాట మహిళాసమాజములలో ఏనాటినుండియో నలిగి నునుపెక్కియున్నది. నంద్యాలలో దానిని తీసి వాడుకొనుట యొక్కటే తరువాయి.